పద్నాలుగో తూము

ఏప్రిల్ 7, సోమవారం

ఈ నోటుబుక్కు పెట్టె సంగతులు రాసుకోవడానికి కొన్నాను. మొదటి పేజీలోనే సొంత గోడు మొదలవుతోంది. చదివేవాళ్ళెవరూ లేరు కనక పరవాలేదు.

ఖుదైరా చేరాను. గది మసీదు వెనకే. ఏసీ ఉంది, అరిగిపోయిన లారీలా మోగుతుంది. కిటికీ తీస్తే ఫలజ్ కనిపిస్తుంది. కొండ కడుపులోంచి వచ్చే మోకాటి లోతు కాలువ. ఊళ్ళో ఖర్జూరాలకీ నిమ్మలకీ అదే దిక్కు. ఇరవై రెండు తోటలు, ఇరవై రెండు తూములు, ఒక్కో తోటకి ఎనిమిది రోజులకోసారి వంతు. ఇన్నాళ్ళూ రాయీ గుడ్డా అడ్డం పెట్టి మళ్ళించుకునేవాళ్ళు. ఇకమీదట మోటారు తూములు, వాటిని నడిపే ఒక పెట్టె. ఆ పెట్టె నాది. వాన పడి కాలువ పొంగితే నీళ్ళు వాగులోకి వదలడానికి సున్నా నంబరు తూము ఒకటి అదనం.

నాలుగు నెలల పని. ఆఫీసులో ఎవరూ ఒప్పుకోలేదు, నేను ఒప్పుకున్నాను. మస్కట్‌లో ఉండి మాత్రం ఎవరితో మాట్లాడాలి.

ఏప్రిల్ 9, బుధవారం

అరీఫ్ సర్‌హాన్‌ని కలిశాను. అరీఫ్ అంటే ఈ ఊళ్ళో నీళ్ళ వంతులు చెప్పే పెద్ద. డెబ్భై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళు పోయాయి, గొంతు మాత్రం పోలేదు. కాలువ పక్కన నేలలో ఒక కర్ర పాతి ఉంటుంది. దాని నీడ గీత దాటగానే తోటవాడి పేరు పెట్టి కేకేస్తాడు. తోటవాడు "ఉన్నాను" అని జవాబిచ్చి, వెళ్ళి తూము రాయి ఎత్తుతాడు. ఒక్కో గీతకి అరగంట. దాన్ని అథర్ అంటారు. కాగితం లేదు, లెక్క లేదు, అంతా తలలోనే.

"నీ పెట్టె ఏం చేస్తుందబ్బాయ్?" అన్నాడు.

"మీ వంతులన్నీ చిన్న చిన్న స్క్రిప్టులుగా రాసి లోపల పెడతాను బాబాయ్. మోటార్లు తిప్పే ప్రోగ్రాం వేరే, అది C భాషలో ఉంటుంది, దానికి ఊరి సంగతులేం తెలియవు. అందుకని అరగంటకోసారి స్క్రిప్టుని పిలిచి, ఈ రోజు, ఈ గడియ, ఎవరి వంతు అని అడుగుతుంది. స్క్రిప్టు రెండు జవాబులిస్తుంది. తూము నంబరొకటి, పేరొకటి. ప్రోగ్రాం ఆ తూము ఎత్తి, ఆ పేరు బోర్డు మీద చూపిస్తుంది."

"అంటే నన్ను లోపల కూర్చోబెడతావన్నమాట."

"దాదాపు అంతే."

"లోపల కాఫీ ఇస్తారా?"

చాలా రోజుల తరవాత నవ్వాను. నవ్వితే దవడ నొప్పి పుట్టింది.

ఏప్రిల్ 10, గురువారం

రయ్యా నుంచి మెసేజ్. "ఉన్నావా?"

అంతే. కాపురం వదిలి సూర్‌లో వాళ్ళ నాన్న ఇంటికి వెళ్ళి రెండు నెలలు. ప్రతి గురువారం ఈ ఒక్క మాటే.

రేపు రాస్తాను.

ఏప్రిల్ 15, మంగళవారం

ఉదయమంతా అరీఫ్ ఇంటి వసారాలో. ఆయన చెప్పడం, నేను రాసుకోవడం. రమదాన్‌లో వంతులు ఎలా జరుగుతాయి, పెళ్ళివారింటికి ఎన్ని అథర్లు ముందుకు జరుపుతారు, మసీదు తోటకి ఎప్పుడు. ప్రతిదానికీ ఒక కథ ఉంటుంది ఆయన దగ్గర. మధ్యలో ఎవరి తాతో ఎవరి ఒంటెనో తోలుకుపోయిన సంగతి ముప్పావు గంట నడిచింది. ఖర్జూరాలు, కాఫీ, మళ్ళీ ఖర్జూరాలు.

చివర్లో దుఃఖం సంగతి. మగడు పోయినావిడ ఇద్దాలో ఉంటుంది కదా, నాలుగు నెలల పది రోజులు. ఆ రోజుల్లో ఆ ఇంటి పేరు కాలువ దగ్గర పిలవరట. గుమ్మం దాటని మనిషి పేరు నలుగురిలో కేకెయ్యడం మర్యాద కాదని. "పేరు పిలవం, నోరెత్తం," అన్నాడు. రాసుకున్నాను. ఇంకా ఏదో అనబోయాడు. అప్పటికి తొమ్మిదో కప్పు. చాలని కప్పు ఊపాను. ఆయన వెంటనే దల్లా, అంటే కాఫీ కూజా, కింద పెట్టి, "అల్లా నీకు బలమివ్వాలి" అని లేచాడు. కప్పు ఊపిన అతిథిని మాటలతో కూర్చోబెట్టే మనిషి కాదు. ఇదొక్కటీ నచ్చింది. మస్కట్ మీటింగుల్లో కప్పు ఎంత ఊపినా ఎవడూ ఆపడు.

ఏప్రిల్ 24, గురువారం

"ఉన్నావా?"

ఏం రాయాలి. ఉన్నానని రాస్తే, ఎలా ఉన్నావంటుంది. నబ్‌హాన్ పోయినప్పట్నుంచి ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అన్న పోతే మనుషులు ఏడుస్తారు, నాలుగు రోజులకి తేరుకుంటారు. నేను ఏడవలేదు, మాట్లాడటం మానేశానంతే. రయ్యా రోజూ అడిగేది, అన్నం ముందు అడిగేది, అన్నం తరవాత అడిగేది. నేను పళ్ళెం వైపు చూసేవాణ్ణి. ఒకరోజు బట్టలు సర్దుకుంది. నేను వెళ్ళమనలేదు, ఉండమనీ అనలేదు.

రేపు.

మే 1, గురువారం

పెట్టె మొదలుపెట్టాం. మొదటి పిలుపుకే జవాబు తిరిగొచ్చింది. పెట్టె తన చిట్టాలో, అంటే లాగ్‌లో, రాసుకుంది: 'సరే, 1.' తూము ఎత్తుకుంది, బోర్డు మీద పేరు వెలిగింది. ఊరంతా ఫోన్లు ఎత్తి ఫొటోలు తీశారు. మర్‌హూన్ అనే ఆయన (పదమూడో తోట ఆయనది, ఉద్యోగం మస్కట్‌లో) నా భుజం మీద చరిచి, "ఇంకేం, పెట్టె ఇంజనీరూ, ఇక మస్కట్‌లో పడుకునే తోట తడుపుకుంటాం" అన్నాడు.

అరీఫ్ కర్ర పక్కనే నిలబడ్డాడు. నీడ గీత దాటింది. అలవాటుగా నోరు తెరిచి, బోర్డు చూసి మూసుకున్నాడు.

మే 12, సోమవారం

పద్నాలుగో తోట ముహన్నా తెల్లవారుజామున పోయాడు. మధ్యాహ్నానికల్లా మట్టి చేశారు. నేనూ వెళ్ళి మూడు పిడికిళ్ళు మట్టి వేశాను. భార్య షనూనా. పిల్లలు లేరు. ఆమె ఎండబెట్టే నిమ్మకాయల కోసం నిజ్వా నుంచి వచ్చి అడుగుతారట.

మధ్యాహ్నం కూర్చుని స్క్రిప్టులో పద్నాలుగో ఇంటికి దుఃఖం గుర్తు పెట్టాను. ఒక్క పదం మార్చానంతే. C జోలికి పోలేదు, తూములు ఆపలేదు. స్క్రిప్టులు వేరే పెట్టాలని ఆఫీసులో నేను దెబ్బలాడింది ఇందుకే. ఇద్దా అయ్యేదాకా ఆమె పేరు బోర్డు మీద పడదు.

మే 22, గురువారం

"ఉన్నావా?"

మే 24, శనివారం

అరీఫ్ ఇప్పటికీ రోజూ వస్తాడు. కర్ర నీడ చూస్తాడు, బోర్డు చూస్తాడు. రెండూ కలిస్తే తల ఊపుతాడు. ఇంకెవరూ రారు. వంతు వంకతో నలుగురూ చేరే చోటిది. ఇప్పుడు ఇద్దరం. నేను మాట్లాడను, ఆయన మోకాళ్ళు పట్టుకుంటాడు.

మధ్యాహ్నం గేలి చేశాడు. "నీకు పెళ్ళయిందా అబ్బాయ్, లేక పెట్టెతోనే కాపురమా?"

"అయింది."

"మాట్లాడుతుందా?"

"ఎవరు, పెట్టా?"

ఆయన నవ్వలేదు. నేనే నవ్వాను.

జూన్ 2, సోమవారం

ఎండలు ముదిరాయి. పెట్టె దగ్గరికి వెళ్ళే దారి ముహన్నా తోట గోడ పక్కనుంచే. నిమ్మాకులు ముడుచుకుంటున్నాయి. నలభై ఆరు డిగ్రీలకి ఏ ఆకు ముడుచుకోదు.

జూన్ 5, గురువారం

"ఉన్నావా? రేపు ఈద్."

ఈద్ శుభాకాంక్షలని టైపు చేసి చెరిపేశాను. నాలుగు నెలల మౌనం తరవాత అదొక్కటీ పంపితే ఫోన్ కంపెనీవాళ్ళు పంపే మెసేజ్‌లా ఉంటుంది.

జూన్ 8, ఆదివారం

గుంటలో పూడ్చి కాల్చిన ఈద్ మాంసం ఈ రోజు బయటికి తీశారు. అరీఫ్ ఇంటినుంచి నాకొక పళ్ళెం. గదిలో కూర్చుని తిన్నాను. ఎముకలన్నీ ఒక పక్క వరసగా పెట్టాను. నబ్‌హాన్ అలా పెట్టేవాడు.

జూన్ 14, శనివారం

ముహన్నా గోడ పక్కన దారి మీద రాలిన పిందెలు. ఎండిపోయి గోలీల్లా ఉన్నాయి. చెప్పు కింద పడితే జారుతున్నాయి. ఎండ.

జూన్ 19, గురువారం

మెసేజ్ రాలేదు.

జూన్ 20, శుక్రవారం

రాలేదు. సిగ్నల్ బాగానే ఉంది.

జూన్ 26, గురువారం

రాలేదు. సరే, విసిగిపోయి ఉంటుంది. నేను దేనికోసమూ ఎదురు చూడటం లేదు. ఫోన్ ఛార్జింగులో పెట్టి ఊరికే దగ్గర పెట్టుకున్నాను.

జూలై 4, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున షనూనా ఇంట్లోంచి అరీఫ్ భార్యకి కబురు పంపింది. నిమ్మలు కోతకొచ్చి ఉంటాయి, ఎండబెట్టే వేళయింది, ఎవరినైనా పంపి నాలుగు బుట్టలు కోయించమని. అరీఫ్ తనే వెళ్ళాడు, మోకాళ్ళు పట్టుకుని. బుట్ట ఖాళీగా తీసుకొచ్చాడు. జుమా నమాజు అయ్యాక చావడిలో అందరూ ఉన్నారు. సెలవు రోజు కదా, మస్కట్ నుంచి మర్‌హూన్ కూడా వచ్చాడు. అరీఫ్ బుట్ట మధ్యలో పెట్టాడు.

"తోట ఎండిపోయింది. నేల బీటలిచ్చింది. ఎన్నో వంతులు నీళ్ళు తాగలేదు."

అందరూ బుట్టలోకి తొంగి చూశారు. తరవాత మర్‌హూనే అడిగాడు. మెత్తగానే అడిగాడు. "బాబాయ్, ముహన్నా ఇంటి సంగతి పెట్టెకి చెప్పావా? లేక మర్చిపోయావా?"

"చెప్పాననే అనుకుంటున్నాను."

వంతుల విషయంలో ఆ మనిషి నోట 'అనుకుంటున్నాను' అనే మాట ఎవరూ వినలేదనుకుంటా. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వెనకనుంచి ఎవరో, "వయసు మీద పడింది, ఏం చేస్తాం" అన్నారు.

మర్‌హూన్ నా వైపు తిరిగాడు. "ఇంజనీరూ, నువ్వు చెప్పు. ఈయన చెప్పాడా లేదా?"

"లాగ్ చూడాలి," అని నీళ్ళు నమిలాను.

చూశాను. చావడి నుంచి నేరుగా పెట్టె దగ్గరికి వెళ్ళి, తలుపు తీసి, ఎండలో నిలబడే చూశాను. మే పదహారు నుంచి నిన్నటిదాకా పద్నాలుగో ఇంటి వంతు ఏడుసార్లు వచ్చింది. ప్రతిసారీ మూడు అథర్లు. ప్రతి అథర్‌కీ ఒకే వరస:

సరే, 0.

సరే, 0.

సరే, 0.

సున్నా తూము. షనూనా నీళ్ళు వాగులోకి పోయాయి.

రేపు సరిగ్గా చూస్తాను. తల నొప్పిగా ఉంది.

జూలై 5, శనివారం

సరిగ్గా చూడ్డానికేం లేదు. నిన్ననే తెలుసు.

దుఃఖం ఉన్న ఇంటికి స్క్రిప్టు ఏ జవాబూ ఇవ్వకుండా వెనక్కి వస్తుంది. అలా రాసింది నేనే. పేరు పిలవం అన్నాడు కదా, పేరూ లేదు, తూమూ లేదు, ఉత్త చేతులు. C వైపు నేను జవాబు తీసుకునే చోట, అసలు జవాబంటూ ఉందా అని చూడలేదు. అంకె ఇమ్మని అడిగాను. ఏమీ లేని చోట అంకె అడిగితే సున్నా వస్తుంది. పిలుపులో తప్పు జరగలేదు కనక పక్కన 'సరే' అని కూడా రాసుకుంది. సున్నా నంబరుతో నిజంగానే ఒక తూము ఉంది. ఎక్కడా గంట మోగదు, ఎర్ర దీపం వెలగదు.

రెండు వరసలు మార్చాను. దుఃఖం ఉన్నా తూము నంబరు ఇస్తుంది, పేరు మాత్రం ఖాళీ. జవాబు లేకపోతే ప్రోగ్రాం ఆగి నాకు కబురు పెడుతుంది. పావుగంట పని.

ఇక సమస్య లేదు. తోటకి నీళ్ళు అందుతాయి, అదే కదా ముఖ్యం.

జూలై 8, మంగళవారం

బద్ర్ ఫోన్. ఆఫీసులో నా పైఅధికారి. విషయం ఆయనదాకా పోయింది.

"పేరు పిలవమని చెప్పింది ఆ ముసలాయనే కదా?"

"ఆయనే."

"నువ్వు అదే రాశావు కదా?"

"అదే రాశాను."

"మరి? ఊరివాళ్ళిచ్చిన నియమం అసంపూర్తి అని రిపోర్టులో రాసెయ్. అబద్ధమేం కాదు. ఈ పెట్టె కోసం ఇంకా ఏడు ఊళ్ళు వరసలో ఉన్నాయి, ముంధిర్, చెడగొట్టకు."

నిజమే, అబద్ధం కాదు. రెండుసార్లు అలాగే అనుకున్నాను. మూడోసారి రిపోర్టు కాగితం తెరిచి వదిలేశాను.

జూలై 10, గురువారం

అరీఫ్ నా గదికి వచ్చాడు. ఎప్పుడూ రాలేదు. మంచం అంచున కూర్చుని, "ఒక పరీక్ష పెట్టు" అన్నాడు.

"ఏం పరీక్ష బాబాయ్?"

"ఇరవై రెండు ఇళ్ళూ చెప్తాను. నీ కాగితంతో సరిచూడు."

చెప్పాడు. వరస తప్పకుండా, అథర్లతో సహా. పద్నాలుగు దగ్గర ఆగి, ముహన్నా అని చాలా నెమ్మదిగా అన్నాడు. ఒక్క తప్పు లేదు. అది చెప్పాను. ఆయనకి తృప్తి కలగలేదు.

"ఇవి చిన్నప్పుడు నేర్చుకున్నవి, పోవు. మొన్న చెప్పినవే పోతాయంటారు. మనం వసారాలో కూర్చున్న రోజు, పక్కవాడి సంగతి నీకు చెప్పానా?"

"పక్కవాడి సంగతేంటి?"

"ఇద్దాలో ఉన్న ఇంటికి పక్క తోటవాడు వెళ్ళి, నోరెత్తకుండా రాయి ఎత్తి నీళ్ళు పెడతాడు. పేరు పిలవనిది అందుకే. పిలవాల్సిన పనే లేదు. ముహన్నాకి మర్‌హూన్. చెప్పబోయినట్టే ఉంది నాకు. చెప్పానా?"

తొమ్మిదో కప్పు. నా చేతిలో కప్పు ఊగడం, ఆయన నోట్లో మాట ఆగిపోవడం, అన్నీ కళ్ళకి కట్టాయి.

"గుర్తు లేదు బాబాయ్."

"నాకూ సరిగ్గా లేదు," అన్నాడు. గుమ్మం దగ్గర చెప్పుల కోసం తడుముకున్నాడు. చెప్పులు ఎదురుగానే ఉన్నాయి.

జూలై 11, శుక్రవారం

పద్నాలుగో తూముకి నీళ్ళొచ్చాయి. సరే, 14.

మంచి పని చేసినట్టు లేదు.

జూలై 13, ఆదివారం

అరీఫ్ రాలేదు.

జూలై 14, సోమవారం

రాలేదు. కర్ర కూడా లేదు. పాతిన చోట గుంట మాత్రం ఉంది. ఆయనే పీకి ఇంటికి పట్టుకెళ్ళాడని మసీదు ఊడ్చేవాడు చెప్పాడు.

జూలై 16, బుధవారం

బద్ర్ మూడుసార్లు రిపోర్టు అడిగాడు. తెరిచిన కాగితం తెరిచినట్టే ఉంది.

నేనిక్కడ ఒక్కణ్ణే తింటాను, ఒక్కణ్ణే నడుస్తాను. ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదని హాయిగా ఉందనుకున్నాను. రోజూ ఆ గోడ పక్కనుంచే నడిచాను. ఆకులు చూశాను, పిందెలు తొక్కుకుంటూ పోయాను. ఈ పుస్తకంలో రాసుకున్నాను కూడా. ఇప్పుడు వెనక పేజీలు తిప్పితే నా రాతే నన్ను వెక్కిరిస్తోంది.

జూలై 18, శుక్రవారం

చెప్పేశాను.

చావడి నిండుగా ఉంది. అరీఫ్ కూడా వచ్చాడు, ఎప్పుడూ కూర్చునే చోట కాకుండా గుమ్మం పక్కన కూర్చున్నాడు. కాఫీ మర్‌హూన్ పోస్తున్నాడు. మూడు కప్పులు తాగాను. ఊపితే లేచి వెళ్ళిపోతానని నాకు తెలుసు, అందుకని ఊపలేదు. నాలుగో కప్పు పోశాడు. అది చేతిలో ఉండగానే మొదలుపెట్టాను.

"షనూనా పిన్ని తోట ఎండింది నా వల్ల. సర్‌హాన్ బాబాయ్ ఏమీ మర్చిపోలేదు. పేరు పిలవమని చెప్పాడు, పక్కవాడి మాట ఎత్తబోయాడు. నేను కప్పు ఊపి లేచాను, ఆయన మర్యాదకి ఆగిపోయాడు. తెలియనిది తెలియనట్టు ఉంచకుండా, పిలవకపోవడమంటే నీళ్ళు అక్కర్లేదన్నట్టు రాశాను. పెట్టె ఏడు వంతులు వాగులో పోసింది."

మర్‌హూన్ చేతిలో దల్లా అలాగే ఉంది. "నేనూ వెళ్ళి చూడలేదు," అన్నాడు. "నా పనే అది. పెట్టె ఉంది కదా అనుకున్నాను."

వెనక నుంచి ఒకాయన, "అయితే పెట్టెకి బుద్ధి లేదన్నమాట" అన్నాడు.

"పెట్టెకెందుకుంటుంది," అన్నాడు అరీఫ్. అందరూ అటు తిరిగారు. ఆయన నన్నే చూస్తున్నాడు. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఆ శుక్రవారమే."

"ఇదే చోట, బుట్ట పెట్టినప్పుడా?"

"బుట్ట పెట్టిన గంటకి."

వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. ఆ మనిషికి లెక్కకి వేళ్ళు అవసరం లేదు.

"పద్నాలుగు రోజులు," అన్నాడు. "తప్పు ఎవరైనా చేస్తారబ్బాయ్. పద్నాలుగు రోజులు నా తల నాకు లేదనుకున్నాను. నమాజులో రకాతుల లెక్క తప్పుతానేమోనని పక్కవాణ్ణి చూసి చదివాను. నా భార్య పేరు పైకి అని చూసుకున్నాను, ఉందో పోయిందోనని. నీ గదికొచ్చి అడిగాను. మంచం మీద కూర్చుని అడిగాను."

కప్పు కింద పెట్టాను. "క్షమించండి" అన్నాను, నాకే వినపడలేదు.

ఆయన లేచి, గోడ పట్టుకుని వెళ్ళిపోయాడు. మర్‌హూన్ నా కప్పులో మళ్ళీ పోయలేదు. నేనూ అడగలేదు. ఏడుపొచ్చింది. నబ్‌హాన్ పోయినప్పుడు రానిది, చావడిలో, అంతమంది మగవాళ్ళ మధ్య వచ్చింది. ఎవరో పేపర్ రుమాళ్ళ డబ్బా ముందుకి జరిపారు.

రిపోర్టు పంపాను. ఉన్నదున్నట్టు.

జూలై 19, శనివారం

బద్ర్ అరిచాడు, తరవాత చల్లబడ్డాడు, తరవాత మస్కట్ వచ్చెయ్యమన్నాడు. సెలవులున్నాయి, రెండు నెలలు వాడుకుంటానన్నాను. ఎందుకన్నాడు. పద్నాలుగో తోటకి ఈ రోజు వంతు, మర్‌హూన్ వారం మధ్యలో ఊళ్ళో ఉండడు, ఒక మనిషి కావాలన్నాను.

మోటారు తీసేసి ఆ తూముకి పాత రాయే పెట్టాను. మూడు అథర్లు నీళ్ళలో నిలబడి మళ్ళించాను. అయ్యాక షనూనా ఇంటికి వెళ్ళాను. అరీఫ్ భార్య లోపల కూర్చుంది, నేను గుమ్మం బయట, మధ్యన పరదా. నేను చేసింది చెప్పాను. లోపల చాలాసేపు చప్పుడు లేదు. దాన్ని ఏమనుకోవాలో తెలియలేదు, ఏమీ అనుకోకుండా నిలబడ్డాను.

"ఎన్ని బతికాయి?" అంది చివరికి.

"మూడు చిగురేసేలా ఉన్నాయి పిన్నీ."

"ఏ మూడు?"

తెలియదు. చూసొస్తానని పరుగెత్తాను. ఒక్కొక్క చెట్టు ఎక్కడుందో చూసుకుని తిరిగొచ్చాను. "కాలువ పక్కన రెండు. ఉత్తరం గోడ మూలన ఒకటి, వంకర మొదలు."

"వంకరది ఆయన నాటిందే," అంది. "అందరూ పీకెయ్యమన్నారు. దానికి కాస్త ఎక్కువ పెట్టు నాయనా."

ఆగస్టు 4, సోమవారం

నీళ్ళు పెట్టాను. వంకర చెట్టుకి ఐదు చిగుళ్ళు.

ఆగస్టు 12, మంగళవారం

నీళ్ళు పెట్టాను. వెళ్ళేసరికి కాలువ పక్కన కర్ర మళ్ళీ పాతి ఉంది. అరీఫ్ దాని పక్కన కూర్చున్నాడు. సలాం చెప్పాను, సలాం చెప్పాడు. అంతకుమించి లేదు. నీడ గీత దాటినప్పుడు నా వైపు చూసి గడ్డం ఊపాడు. వెళ్ళి రాయి ఎత్తాను.

ఆగస్టు 28, గురువారం

నీళ్ళు పెట్టాను. అయ్యాక, "కాఫీ ఉంది" అన్నాడు, గాలితో అన్నట్టు. వెళ్ళాను. పక్కతోటవాళ్ళ పద్ధతులన్నీ మొదటినుంచీ చెప్పాడు. ఒంటె కథ కూడా మళ్ళీ వచ్చింది. పన్నెండు కప్పులు తాగాను. గుండె దడదడలాడింది. కప్పు ఊపలేదు. చివరికి ఆయనే విసుగెత్తి, "ఇంటికి పోరా అబ్బాయ్, దల్లా ఖాళీ అయింది" అన్నాడు.

గదికొచ్చి రయ్యా మెసేజులు తిరగేశాను. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ప్రతి గురువారం. ఆమె ఏమనుకుని ఉంటుంది. నేను ఏమీ ఇవ్వలేదు. ఏమీ ఇవ్వని చోట నేనైతే ఏం రాసుకున్నానో నాకు తెలుసు.

సెప్టెంబర్ 21, ఆదివారం

షనూనా ఇద్దా బుధవారం అయిపోయింది. ఈ రోజు వంతు.

బోర్డు ఆపేశాను, ఈ ఒక్క వంతుకి. ఎవరు చెప్పారో, జనం బాగానే వచ్చారు. మర్‌హూన్ సెలవు పెట్టి వచ్చాడు. అరీఫ్ కర్ర పక్కన నిలబడ్డాడు, కూర్చోలేదు. నీడ గీత మీదకొచ్చింది, దాటింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"షనూనా!"

కొండకి తగిలి వెనక్కి వచ్చింది. ఇన్నాళ్ళూ ముహన్నా పేరు పిలిచిన చోట ఆమె పేరు. ఎవరూ కదల్లేదు. తోట గోడ వెనక నుంచి అడుగులు వినిపించాయి. నల్ల బురఖా అంచు కాస్త పైకి పట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది. ఆమెని చూడటం ఇదే మొదలు. పొట్టి మనిషి.

"ఉన్నాను," అంది.

వెళ్ళి, తనే వంగి, రాయి ఎత్తింది.

నీళ్ళు వంకర చెట్టుదాకా వెళ్ళేవరకూ చూశాను. తరవాత కాలువ గట్టు మీద కూర్చుని ఫోన్ తీశాను. ఎన్నోసార్లు టైపు చేసి చెరిపినవి వద్దనుకున్నాను. రయ్యాకి ఒక్క మాట పంపాను. ఉన్నాను. ఏడు నెలల కింద రాయాల్సిన మాట, ఇప్పుడు చూస్తే ఆమెకి అది ఏ ప్రశ్నకి జవాబో కూడా గుర్తుండకపోవచ్చు. కింద ఇంకో వరస రాశాను. నబ్‌హాన్ పోయినప్పుడు నువ్వడిగావు, నేను చెప్పలేదు, నీ తప్పు కాదు.

ఆమె చూసిందని గుర్తు పడింది. జవాబు లేదు.

అరీఫ్ పక్కన కూర్చుని మోకాళ్ళు పట్టుకున్నాడు. "ఎవరికి?" అన్నాడు.

"ఇంటికి."

"ఏమంది?"

"ఇంకా ఏమీ అనలేదు బాబాయ్."

ఆయన నా చేతిలో కప్పు పెట్టి పోశాడు. మూడు అథర్లు గడిచాయి. షనూనా రాయి దించింది, పదిహేనో ఇంటి వంతు వచ్చింది, జనం వెళ్ళిపోయారు. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఉన్నాను.